కాన్పు నొప్పుల్లో బిడ్డ గుండె చప్పుడు వినడం ఎలా?

లేబర్ రూమ్‌లో కొత్తగా డ్యూటీలో చేరిన స్టాఫ్ నర్సులు, ఏఎన్ఎమ్‌లు, హౌస్ సర్జన్ల కోసం ఇది రాస్తున్నాను. నెలలు నిండిన అమ్మాయి ఉన్న ఇంట్లోవాళ్లు చదివినా అర్థం కావాలి. లోపల ఏం జరగాలో వాళ్లకూ తెలిసి ఉండటం మంచిది.

కేస్ షీట్లు తిరగేస్తే చాలా వాటిలో బిడ్డ గుండె వేగం 140, 142, 140, 144 అని గంటల తరబడి ఒకే వరసలో కనిపిస్తుంది. ఆ అంకెల్లో కొన్ని నిజంగా విన్నవి. కొన్ని ఐదు సెకన్లు విని అంచనాగా వేసినవి. కొన్ని అసలు వినకుండా రాసినవి. రద్దీ ఎంత ఉంటుందో, ఒక్క సిస్టర్ మీద ఎన్ని మంచాలుంటాయో తెలుసు కాబట్టి ఎవరినీ నిందించాలని లేదు. కానీ ఆ చివరి రకం అంకె మాత్రం బిడ్డకు అపాయం. ఖాళీగా వదిలేస్తే తర్వాత వచ్చినవాళ్లు కనీసం ‘వినలేదు’ అని తెలుసుకుని వింటారు. వినకుండా రాస్తే అంతా బాగుందనుకుని ముందుకెళ్లిపోతారు.

మామూలు కాన్పులో పెద్ద మెషిన్ లేకపోయినా ఫరవాలేదు. ఒక మనిషి సరైన సమయానికి వచ్చి, నొప్పి తగ్గగానే నిండా ఒక నిమిషం వింటే చాలు. ఆ నిమిషాన్ని ఎలా వాడుకోవాలన్నదే ఇక్కడ చెప్పబోయేది.

వింటున్నది ఏమిటి

నొప్పి వచ్చి గర్భసంచి గట్టిపడినప్పుడు మాయకు వెళ్లే తల్లి రక్తం తగ్గిపోతుంది. నొప్పి వదిలాక మళ్లీ పారుతుంది. చెరువులో మునకలేసే పిల్లవాడు మునిగినంతసేపూ ఊపిరి బిగబట్టి, పైకి లేవగానే పీల్చుకుంటాడు కదా, కడుపులో బిడ్డ పరిస్థితీ అదే. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ గంటల తరబడి ఇలా తట్టుకోగలదు. మునకకూ మునకకూ మధ్య విరామం చాలకపోతేనో, మాయ ముందే బలహీనంగా ఉంటేనో, బొడ్డుతాడు నొక్కుకుపోతేనో బిడ్డ అలసిపోతుంది. ఆ అలసట ముందుగా బయటపడేది గుండె వేగంలో. అందులోనూ నొప్పి వదిలిన వెంటనే వచ్చే ఆ అర నిమిషం, ఒక నిమిషంలో. నొప్పికి చాలా ముందు, తల్లి హాయిగా పడుకున్నప్పుడు వింటే దాదాపు ప్రతి బిడ్డా బాగానే ఉన్నట్టు వినిపిస్తుంది.

నిమిషానికి 110 నుంచి 160 వరకు మామూలు వేగం. మనదగ్గర పాత చార్టుల్లో, గోడ మీద పోస్టర్లలో 120 నుంచి 160 అని ఉంటుంది. నెలలు నిండిన బిడ్డకు నొప్పుల మధ్య 115 నిలకడగా ఉంటే కంగారు పడనవసరం లేదు. మొదటి నుంచి 115 ఉందా, లేక 140 నుంచి 115కు దిగిందా అన్నదే చూసుకోవాలి. రెండూ ఒకటి కావు.

వినడానికి ఏం కావాలి

ఫీటోస్కోప్ (పొట్ట మీద ఆనించి చెవితో వినే గొట్టం) లేదా చేతి డాప్లర్ (బిడ్డ గుండె చప్పుడును బయటికి వినిపించే చిన్న బ్యాటరీ యంత్రం), సెకన్ల ముల్లు కనిపించే గడియారం, డాప్లర్ అయితే జెల్, ఛార్జింగ్ ఉన్న బ్యాటరీ. డ్యూటీ ఎక్కగానే డాప్లర్ ఒకసారి ఆన్ చేసి చూసుకోండి. అవసరమైన క్షణంలో బ్యాటరీ అయిపోవడం లేబర్ రూమ్‌లలో అరుదేం కాదు.

రెంటిలో ఏది మేలు? 1994లో జింబాబ్వేలోని హరారేలో 1,255 మంది తల్లుల మీద జరిగిన పరిశీలన ఫలితాలు బయటికొచ్చాయి. తల్లులను నాలుగు గుంపులుగా విడదీశారు. గుండె వేగంలో తేడాను మధ్యమధ్య గుండె వేగం గీసే మెషిన్ పెట్టిన గుంపులో 54 శాతం మందిలో, డాప్లర్ గుంపులో 32 శాతం మందిలో పట్టుకున్నారు. గొట్టంలాంటి పినార్డ్ స్టెతస్కోప్‌తో, ఆ పని కోసమే పెట్టిన మిడ్‌వైఫ్ విన్నప్పుడు 15 శాతం. అదే గొట్టంతో వార్డులో రోజూ పనిచేసే సిబ్బంది రోజులాగే విన్నప్పుడు 9 శాతం.

అందరూ దీన్ని డాప్లర్ గొప్పదనంగా చెబుతారు, అది నిజమే. డాప్లర్ దొరికితే అదే వాడండి. తల్లి ఏ భంగిమలో ఉన్నా వినవచ్చు, చప్పుడు ఆమెకూ వినిపిస్తుంది. కానీ నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేవి ఆ చివరి రెండు అంకెలు. పరికరం ఒకటే. ఒక మనిషి ఆ పని మీదే దృష్టి పెడితే 15, పది పనుల మధ్య వింటే 9.

అడ్మిషన్ అప్పుడు

నొప్పులతో వచ్చిన తల్లిని మంచం మీద పడుకోబెట్టగానే ఆన్‌లైన్ ఎంట్రీలు, సంతకాలు మొదలైపోతాయి. వాటికంటే ముందు రెండు పనులు చేయండి. బిడ్డ కదలికలు మామూలుగా ఉన్నాయా, తగ్గాయా అని అడగండి. తర్వాత గుండె చప్పుడు వినండి.

అప్పుడే ఈమె మామూలు కాన్పా, రిస్క్ ఉన్న కాన్పా తేల్చుకోవాలి. ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల రక్షణ కార్డు) తీసి చూడండి. బీపీ, షుగర్, రక్తహీనత, ఇదివరకు సిజేరియన్, కవలలు, బిడ్డ బరువు తక్కువని స్కాన్‌లో రాయడం, నెలలు నిండకుండా నొప్పులు రావడం, 42 వారాలు దాటడం, జ్వరం, రక్తస్రావం, ఉమ్మనీరు ఆకుపచ్చగా ఉండటం, కదలికలు తగ్గాయని తల్లి చెప్పడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా డాక్టరుకు చెప్పాలి, సదుపాయం ఉన్నచోట సీటీజీ (పొట్టకు బెల్టు కట్టి బిడ్డ గుండె వేగాన్ని ఎడతెగకుండా కాగితం మీద గీసే మెషిన్) పెట్టాలి. ఇవేవీ లేని తల్లికి మధ్యమధ్య వినడమే సరైన పద్ధతి. రిస్క్ అనేది అడ్మిషన్ రోజు తేలిపోయి అలాగే ఉండిపోదు. పొద్దున మామూలుగా ఉన్న కాన్పు మధ్యాహ్నం ఉమ్మనీరు పచ్చబడగానే మారిపోతుంది. నొప్పులు పెంచే ఆక్సిటోసిన్ డ్రిప్ ఎక్కించినా మారినట్టే.

ఆ ఒక్క నిమిషం, వరసగా

ముందు తల్లికి చెప్పండి. ‘అమ్మా, బిడ్డ గుండె చప్పుడు వింటాను, కాస్త ఎడమ పక్కకు తిరుగుతావా?’ అంటే చాలు, ఆమె భయం సగం తగ్గుతుంది. చెప్పకుండా చీర పక్కకు లాగి డాప్లర్ పెట్టేయడం మర్యాద కాదు. పైగా భయంతో బిగుసుకుపోయిన పొట్ట మీద ఏదీ సరిగా తెలియదు. తెర వేయండి, చేతులు కడుక్కోండి. మూత్రసంచి నిండి ఉంటే ఖాళీ చేయించండి.

వెల్లకిలా పడుకోబెట్టకండి. నిండు గర్భం నడుము దగ్గరి పెద్ద రక్తనాళాల మీద పడి తల్లి బీపీ తగ్గుతుంది, దాంతో బిడ్డ గుండె వేగమూ పడిపోవచ్చు. ఎడమ పక్కకు తిరిగినా, వీపు ఎత్తుగా పెట్టి కూర్చున్నా వినవచ్చు. చాలాచోట్ల అలవాటు కొద్దీ వెల్లకిలా పడుకోబెట్టే వింటున్నారు. ఈ అలవాటు మారాలి.

తర్వాత చేత్తో తడిమి బిడ్డ వీపు ఏ వైపు ఉందో చూడండి. గట్టిగా, నునుపుగా, పొడవుగా తగిలే వైపు వీపు. చేతులూ కాళ్లూ ఉన్న వైపు ఎగుడుదిగుడుగా ఉంటుంది. తల కిందికి ఉంటే చప్పుడు బొడ్డుకు కింద, వీపు ఉన్న పక్కన స్పష్టంగా వినిపిస్తుంది. బిడ్డ ఎదురుకాళ్లతో ఉంటే బొడ్డుకు పైన. కాన్పు ముందుకు సాగేకొద్దీ ఆ చోటు కిందికి, మధ్యకు జరుగుతుంది. అందుకని రెండు గంటల క్రితం వినిపించిన చోటే వెతుకుతూ కూర్చోకండి.

ఇప్పుడు ఒక చేయి గర్భసంచి పైభాగాన ఆనించి ఉంచండి. నొప్పి ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు వదిలిందో మీ అరచేతికి తెలియాలి. ‘నొప్పి వస్తోందా అమ్మా?’ అని అడిగి తెలుసుకోవడం చాలదు. గర్భసంచి గట్టిపడటం మొదలైన కాసేపటికి గానీ తల్లికి నొప్పి తెలియదు.

రెండో చేత్తో తల్లి మణికట్టు దగ్గర నాడి పట్టుకోండి. ఈ మెట్టును దాదాపు అందరూ దాటేస్తారు. నిజానికి ఇది చాలా ముఖ్యం. భయంతో, జ్వరంతో, ముక్కుతూ ఉన్న తల్లి నాడి 120, 130 దాకా పోవచ్చు. డాప్లర్‌కు అది తల్లిదో బిడ్డదో తెలియదు, చప్పుడు ఏది దొరికితే దాన్నే లెక్కపెడుతుంది. బిడ్డ గుండె ఆగిపోయినా తల్లి నాడినే విని ‘130, బాగుంది’ అని రాసిన సందర్భాలు ప్రపంచమంతటా ఉన్నాయి. మీ వేలి కింద నాడి, చెవిలో చప్పుడు ఒకే లయలో కొట్టుకుంటుంటే అది బిడ్డది కాదు. చోటు మార్చి మళ్లీ వెతకండి. హుష్షుమని గాలి ఊదినట్టు వినిపిస్తే అది రక్తనాళాల చప్పుడు. గుండె చప్పుడు అయితే టకటకమని తేటగా, విడివిడిగా వినిపిస్తుంది. ఒక్కరికే రెండు చేతులూ చాలకపోతే, వినడానికి ముందూ తర్వాతా నాడి చూడండి. అనుమానం వచ్చిన ప్రతిసారీ మాత్రం రెండూ ఒకేసారి చూడాలి.

ఇక నొప్పి తగ్గుముఖం పట్టగానే లెక్క మొదలుపెట్టండి. నిండా ఒక నిమిషం.

నిమిషాన్ని నాలుగు ముక్కలు చేయండి

పదిహేను సెకన్లు విని నాలుగుతో గుణించేయడం అందరికీ అలవాటు. కొందరు పది సెకన్లు విని ఆరుతో గుణిస్తారు. నిమిషమంతా విని మొత్తం ఒకే అంకె రాసేవాళ్లు వాళ్లకంటే నయం. కానీ దీంట్లోనూ ఒక చిక్కుంది.

నిమిషాన్ని పదిహేను సెకన్ల చొప్పున నాలుగు భాగాలుగా లెక్కపెట్టారనుకోండి. 35, 36, 35, 34 వచ్చాయి. మొత్తం 140. నొప్పి వదిలాక బిడ్డ నిలకడగా ఉంది, మంచిదే.

ఇంకో తల్లికి అదే లెక్క 24, 27, 32, 35 వచ్చింది. కూడితే 118. షీట్‌లో 118 అని రాస్తే 110కి పైనే ఉంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ముక్కలుగా చూడండి. మొదటి పదిహేను సెకన్లలో బిడ్డ గుండె నిమిషానికి 96 వేగంతో కొట్టుకుంది, తర్వాత 108, తర్వాత 128, చివరికి 140. అంటే నొప్పి అయిపోయాక కూడా వేగం కింద ఉండి నెమ్మదిగా కోలుకుంది. వెతకాల్సింది సరిగ్గా దీన్నే. మొత్తం అంకె దాన్ని కప్పేసింది. చివరి పదిహేను సెకన్లే విని నాలుగుతో గుణించినవాళ్లకైతే 140 వచ్చి ఉండేది.

అందుకే మొదట్లో నాలుగు అంకెలూ చిన్న కాగితం మీద రాసుకోండి. కొన్నాళ్లకు కాగితం అక్కర్లేకుండానే ఆ తగ్గుదల చెవికి తెలిసిపోతుంది. అలవాటు కావడానికి ఒక మంచి మార్గం ఉంది. ఇద్దరు సిస్టర్లు ఒకే డాప్లర్ చప్పుడు వింటూ, ఒకరి కాగితం ఒకరు చూడకుండా నాలుగు అంకెలు రాసి తర్వాత పోల్చి చూసుకోండి. తేడా వస్తే మళ్లీ వినండి. రాత్రి డ్యూటీలో కాస్త తీరిక దొరికినప్పుడు ఇలా చేస్తే, ఏ ట్రైనింగ్‌లోనూ రానంత పట్టు వస్తుంది.

డాప్లర్ మీద కనిపించే అంకెను గుడ్డిగా నమ్మకండి. గుండె బాగా నెమ్మదించినప్పుడు కొన్ని యంత్రాలు దాన్ని రెట్టింపు చేసి చూపిస్తాయి, బాగా వేగంగా ఉంటే సగం చేసి చూపిస్తాయి. తెర మీద 140 కనిపిస్తూ చెవికి నెమ్మదిగా వినిపిస్తుంటే చెవినే నమ్మండి.

అప్పుడప్పుడు గుండె వేగం ఉన్నట్టుండి కాసేపు పెరిగి మళ్లీ మామూలు అవుతుంది, ఎక్కువగా బిడ్డ కదిలినప్పుడు. అది మంచి గుర్తు.

ఎంతసేపటికోసారి

గర్భసంచి ముఖం 5 సెంటీమీటర్లు తెరుచుకున్నప్పటి నుంచి అసలు కాన్పు నొప్పులు మొదలైనట్టు లెక్క. అక్కడి నుంచి ప్రతి 15 నుంచి 30 నిమిషాలకోసారి వినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 సూచనలు చెబుతున్నాయి. పూర్తిగా తెరుచుకుని తల్లి ముక్కుతున్న దశలో ప్రతి 5 నిమిషాలకు. బ్రిటన్‌లో ముక్కే దశకు ముందు, మొదటి దశలోనూ కనీసం 15 నిమిషాలకోసారి వినమంటారు. వీలైతే 15 పాటించండి. 30 దాటడం మాత్రం తగదు.

గడియారంతో పని లేకుండా వెంటనే వినాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. ఉమ్మనీటి సంచి దానంతటదే పగిలినా, డాక్టరు పగలగొట్టినా ఆ క్షణమే వినాలి, బొడ్డుతాడు జారే ప్రమాదం అప్పుడే. లోపలి పరీక్ష చేశాక, డ్రిప్ వేగం పెంచాక, వెన్నులో నొప్పి తెలియని మందు ఇచ్చాక, తల్లికి వాంతి అయి కళ్లు తిరిగాయన్నాక కూడా అంతే.

ముక్కే దశ అన్నిటికంటే కష్టం. బిడ్డకు ఎక్కువ ఒత్తిడి పడేది అప్పుడే. గదిలో హడావిడి, అరుపులు, ‘ఇంకొంచెం, ఇంకొంచెం’ అనే మాటలు. అందరి కళ్లూ కింద ఉంటాయి, పొట్ట మీద డాప్లర్ పెట్టే మనిషి ఉండరు. అందుకే ఈ దశ మొదలవగానే ‘చప్పుడు వినడం నీ పని’ అని ఒకరికి పేరు పెట్టి అప్పగించండి. రెండో మనిషి లేకపోతే, ప్రతి రెండో నొప్పి తర్వాత మీరే ఆగి వినండి. ఆ నిమిషం తల్లికీ విశ్రాంతే.

రద్దీ వల్ల నిజంగా వినలేకపోయిన సమయాన్ని ఖాళీగానే వదిలి, ఎందుకు కుదరలేదో ఒక్క ముక్క రాయండి. రోజూ అలాంటి ఖాళీలు కనిపిస్తే, ఇంకో సిస్టర్‌ను వేయమని సూపరింటెండెంట్‌ను అడగడానికి అవే ఆధారం అవుతాయి.

రాయడం

సమయం, నొప్పి తర్వాతి గుండె వేగం, తగ్గుదల ఉందా లేదా, తల్లి నాడి, పది నిమిషాలకు ఎన్ని నొప్పులు, ఉమ్మనీటి రంగు, మీ సంతకం. కాన్పు ఎలా సాగుతోందో నమోదు చేసే పార్టోగ్రాఫ్ చార్టులో వీటికి చోటు ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో తెచ్చిన లేబర్ కేర్ గైడ్ అనే చార్టులో గుండె వేగానికి ఒక వరస, తగ్గుదలలకు వేరే వరస ఉన్నాయి. వేగం 110 కంటే తక్కువైనా, 160కి చేరినా సున్నా చుట్టి, ఏం చేశారో కింద రాయమంటుంది.

రాసిన అంకెలను ఒక్కొక్కటిగా కాదు, వరసగా చూడండి. 128, 134, 141, 149, 155. ఏదీ 160 దాటలేదు. కానీ అడ్మిషన్ నుంచి ఇప్పటికి 20కి పైగా పెరిగింది. ఇలా ఎక్కుతూ పోవడం తల్లికి ఇన్ఫెక్షన్ మొదలవడమో, బిడ్డ కష్టపడుతూ ఉండటమో కావచ్చు. టెంపరేచర్ చూడండి, ఉమ్మనీరు వాసన చూడండి, డాక్టరుకు చెప్పండి. డ్యూటీ మారేటప్పుడు ‘అంతా నార్మల్’ అని అప్పజెప్పకుండా, ‘పొద్దున 128తో మొదలైంది, ఇప్పుడు 155’ అని చెప్పండి. అప్పుడు తర్వాతి సిస్టర్‌కు కథ తెలుస్తుంది.

సీటీజీ ఎవరికి, ఎప్పుడు

‘పెద్ద హాస్పిటల్ కదా, బెల్టు కట్టరా?’ అని తల్లి వెంట వచ్చినవాళ్లు అడుగుతారు. వాళ్లకు చెప్పడానికైనా ఆధారాలు తెలిసి ఉండాలి.

గుండె వేగాన్ని ఎడతెగకుండా కాగితం మీద గీసే యంత్రం మొదట మార్కెట్‌లోకి వచ్చింది 1968లో. మెదడు దెబ్బతిన్న పిల్లలు పుట్టడం దీనితో దాదాపు ఆగిపోతుందని అప్పట్లో గట్టిగా ఆశపడ్డారు. పెద్ద పరీక్ష ఐర్లాండ్‌లోని డబ్లిన్‌లో జరిగింది, ఫలితాలు 1985లో వచ్చాయి. దాదాపు 13 వేల మంది తల్లుల్లో సగం మందికి మెషిన్, సగం మందికి మధ్యమధ్య వినడం. మెషిన్ గుంపులో 12 మంది పిల్లలకు, వినే గుంపులో 27 మందికి పుట్టాక ఫిట్స్ వచ్చాయి. మెషిన్ గెలిచినట్టే కనిపించింది. ఆ పిల్లలకు నాలుగేళ్లు వచ్చాక మళ్లీ చూస్తే సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల వచ్చే కదలికల లోపం) మెషిన్ గుంపులో 12 మందికి, వినే గుంపులో 10 మందికి ఉంది. అంటే తేడా లేదు.

2017లో 13 పరీక్షలను, 37 వేలకు పైగా తల్లుల వివరాలను కలిపి చూసిన కాక్రేన్ అనే అంతర్జాతీయ పరిశోధకుల సంస్థ సమీక్ష కూడా ఇదే చెప్పింది. ఎడతెగని మానిటరింగ్‌తో పుట్టిన వెంటనే వచ్చే ఫిట్స్ సగానికి తగ్గాయి. ఈ మేలు చిన్నదని తీసిపారేయకూడదు. కానీ బిడ్డ మరణాల్లో, సెరిబ్రల్ పాల్సీలో చెప్పుకోదగ్గ తేడా లేదు. సిజేరియన్లు 63 శాతం పెరిగాయి. ఏ రిస్కూ లేని తల్లికి అడ్మిషన్ అప్పుడే ఇరవై నిమిషాలు సీటీజీ తీసే అలవాటును విడిగా పరిశీలించినప్పుడు కూడా, సిజేరియన్ అవకాశం 20 శాతం దాకా పెరగడం తప్ప బిడ్డకు మేలు కనిపించలేదు.

ఎందుకిలా? గీత బాగుంటే బిడ్డ బాగున్నట్టే, అది గట్టిగా నమ్మవచ్చు. గీత బాగాలేకపోతే బిడ్డ బాగాలేనట్టు కాదు. నిద్రపోయే బిడ్డ గీత నలభై, యాభై నిమిషాలు చదునుగా ఉండవచ్చు. దాన్ని చూసి కంగారుపడి ఆపరేషన్‌కు తీసుకెళ్లే ప్రమాదం ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశం మొత్తం మీద అది 21.5. దీనికి ఒక్క సీటీజీయే కారణం అనలేం, ముహూర్తాల నుంచి మొదటి సిజేరియన్ తర్వాతి భయం దాకా చాలా ఉన్నాయి. కానీ అవసరం లేని తల్లికి బెల్టు కట్టడం ఆ దారిలో ఒక మెట్టు అవుతోందని నా నమ్మకం.

అవసరమైన తల్లికి మాత్రం కట్టి తీరాలి. ముందు చెప్పిన రిస్కులు, ఆక్సిటోసిన్ డ్రిప్, మామూలుగా వింటున్నప్పుడు తేడా దొరకడం. కట్టాక మెషిన్ దాని పని అది చేసుకుంటుందని వెళ్లిపోకండి. దగ్గరుండి చదివే మనిషి లేకపోతే అది కాగితం ఖర్చు మాత్రమే. పేపరు నిమిషానికి 1 సెంటీమీటరు వేగంతో నడుస్తోందా, 3తోనా ముందు చూసుకోండి. అదే గీత రెండింట్లో వేరుగా కనిపిస్తుంది. కట్టేటప్పుడు తల్లి నాడి రాయండి. నొప్పి వచ్చినప్పుడల్లా గీత పైకి లేస్తుంటే అది తల్లి నాడేమో అని అనుమానించండి.

తేడా వినిపిస్తే

ఒక నొప్పి తర్వాత వేగం తగ్గినట్టు అనిపిస్తే డాప్లర్ తీయకండి. వరసగా కనీసం మూడు నొప్పుల పాటు, నొప్పి ఉండగానూ వదిలాకా వినండి. అదే సమయంలో చేయాల్సినవి చేస్తూ ఉండండి.

తల్లిని ఎడమ పక్కకు తిప్పండి, ఫలితం లేకపోతే కుడి పక్కకు. ఆక్సిటోసిన్ నడుస్తుంటే ఆపేయండి. దీనికి డాక్టరు ఫోన్ ఎత్తేదాకా ఆగనక్కర్లేదు. ఆపి, తర్వాత చెప్పండి. పది నిమిషాల్లో ఐదు కంటే ఎక్కువ నొప్పులు వస్తుంటే బిడ్డకు తేరుకునే విరామమే లేదు, చాలాసార్లు డ్రిప్ ఆపితే చాలు వేగం తిరిగి వస్తుంది. నాడి, బీపీ, టెంపరేచర్ చూడండి. బీపీ పడిపోయి ఉంటే ఐవీ ఫ్లూయిడ్ వేగంగా ఎక్కించండి. తల్లి రక్తంలో ఆక్సిజన్ బాగానే ఉంటే మాస్క్ పెట్టడం వల్ల బిడ్డకు మేలు అని రుజువు కాలేదు, సిలిండర్ వెతుకుతూ నిమిషాలు పోగొట్టకండి.

లోపలి పరీక్ష చేయండి. బొడ్డుతాడు చేతికి తగిలితే ఆ చేయి బయటికి తీయకండి. బిడ్డ తలను పైకి నెట్టి పట్టుకుని, తల్లిని మోకాళ్ల మీద వంచి, ఆపరేషన్ థియేటర్ దాకా అలాగే వెళ్లాలి. ఇదివరకు సిజేరియన్ అయిన తల్లిలో బిడ్డ గుండె వేగం ఉన్నట్టుండి పడిపోతే కుట్టు విడిపోతోందేమో అని అనుకోవాలి, కడుపునొప్పీ రక్తస్రావమూ కనిపించేదాకా ఆగకూడదు. పొట్ట చెక్కలా గట్టిపడి వదలకుండా ఉంటే మాయ విడిపోతున్నట్టు అనుమానించాలి.

110 కంటే తక్కువ వేగం మూడు నిమిషాలు దాటి అలాగే ఉంటే అది ఎమర్జెన్సీ. గట్టిగా పిలవండి. ‘సార్‌ను డిస్టర్బ్ చేస్తామేమో’ అన్న మొహమాటం వద్దు. తల బయటికి కనిపిస్తూ ఉంటే త్వరగా కాన్పు చేయించడమే దారి, లేదంటే థియేటర్. ఏదైనా సరే, పుట్టబోయే బిడ్డ ఏడవకపోవచ్చని ముందే అనుకుని బిడ్డను వెచ్చగా ఉంచే రేడియంట్ వార్మర్ ఆన్ చేసి, ఊపిరి అందించే బ్యాగ్ మాస్క్ చేతికందేలా పెట్టండి.

తల్లి ముందు ‘గుండె పడిపోయింది’ అని అరవకండి. ‘అమ్మా, బిడ్డ గుండె కాస్త నెమ్మదించింది, పక్కకు తిరుగు, నొప్పి వదిలినప్పుడు నెమ్మదిగా ఊపిరి తీసుకో, డాక్టరు గారు వస్తున్నారు’ అని ఉన్నది ఉన్నట్టే చెప్పండి. పక్కన తల్లో, అత్తగారో ఉంటే వాళ్లకూ అదే మాట. ముందు నుంచీ చప్పుడు వినిపిస్తూ, చెబుతూ వచ్చినవాళ్లు ఈ సమయంలో మీ మాట వింటారు.

మీరు పీహెచ్‌సీలో ఉంటే, తేడా నిజమని తేలగానే 108కి ఫోన్ చేయండి. వెంటనే పంపబోయే హాస్పిటల్ లేబర్ రూమ్‌కూ ఫోన్ చేయండి. ఫోన్‌లో చెప్పాల్సినవి ఇవి: ఎన్నో కాన్పు, ఎన్ని వారాలు, ముఖం ఎంత తెరుచుకుంది, గుండె వేగం ఎంత ఉండేది, ఎన్ని గంటలకు ఎంతకు తగ్గింది, తల్లి నాడి, బీపీ, ఉమ్మనీటి రంగు, ఏ మందు ఇచ్చారు, ఏది ఆపారు. రిఫరల్ స్లిప్‌లో ‘ఫీటల్ డిస్ట్రెస్’ అని ఒక్క మాట రాసి పంపితే అక్కడ మొదటి నుంచి మొదలుపెడతారు. పార్టోగ్రాఫ్ ఫొటో తీసి పంపండి, అసలు కాగితం తల్లితో ఇవ్వండి. ఎడమ పక్కకు తిప్పి స్ట్రెచర్ ఎక్కించండి. బండి కదిలే ముందు ఒకసారి వినండి, సమయంతో సహా రాయండి. దారి పొడుగునా వినడానికి డాప్లర్ ఇచ్చి ఒక సిస్టర్‌ను వెంట పంపండి.